వదులు కూటమి నుంచి దృఢ సమాఖ్య వరకు: అమెరికా తొలి అనుభవం, హైదరాబాద్ విలీనం, మెదక్ సీమ

వ్యాస సంగ్రహం

అమెరికాలోని పదమూడు రాష్ట్రాలు 1781లో ఏర్పరచుకున్న వదులు కూటమి ఎనిమిదేళ్లలో దృఢమైన సమాఖ్యకు చోటిచ్చింది. హైదరాబాద్ సంస్థానం 1947లో భారతదేశంతో చేసుకున్న యథాతథ ఒప్పందం ఏడాది గడువు కూడా పూర్తి చేసుకోలేదు. ఈ రెండు పరిణామాలను పక్కపక్కన పెట్టి, కూటమిని సమాఖ్యగా మార్చే అంశాలేమిటో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. పన్ను, నాణెం, న్యాయస్థానం, ఓటు అనే నాలుగు మార్గాల్లో కేంద్రాధికారం నేరుగా పౌరుణ్ణి చేరినప్పుడే సమాఖ్య స్థిరపడుతుందనీ, ఆ మార్పుకు ప్రజల సమ్మతి ఏ దశలో లభించిందన్న దానిపై తరువాతి రాజకీయ చరిత్ర ఆధారపడుతుందనీ మెదక్ ప్రాంత అనుభవం ఆధారంగా ఇది ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సమాఖ్య, యథాతథ ఒప్పందం, ఆర్థిక ఏకీకరణ, హాలీ సిక్కా, సమ్మతి, మూడవ అధికరణం, మెదక్.

1. ఉపోద్ఘాతం

సమాఖ్య వ్యవస్థను బోధించే పాఠ్యగ్రంథాలు సాధారణంగా రెండు నమూనాలను చెబుతాయి. విడివిడి రాష్ట్రాలు కలిసి కేంద్రాన్ని సృష్టించుకోవడం మొదటిది. దానికి అమెరికా ఉదాహరణ. ఒకే పాలనలో ఉన్న దేశం అధికారాలను రాష్ట్రాలకు పంచడం రెండవది. దానికి భారతదేశాన్ని చూపుతారు. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల వరకు ఈ విభజన సరిపోతుంది. హైదరాబాద్ వంటి సంస్థానానికి సరిపోదు. సొంత నాణెం, సొంత తపాలా, సొంత రైలు, సొంత సుంకాల శాఖ, సొంత సైన్యం ఉన్న ఆ రాజ్యం 1947-1956 మధ్య, అమెరికా రాష్ట్రాల మాదిరిగానే, వదులు సంబంధం నుంచి దృఢ సమాఖ్యలోకి ప్రయాణించింది. తెలంగాణలోని అధ్యాపకునికి, పరిశోధకునికి ఫిలడెల్ఫియా చరిత్రను అర్థం చేసుకునే దగ్గరి దారి హైదరాబాద్ చరిత్రలోనే ఉంది.

ఆసఫ్ జాహీ పాలనలోని నాలుగు సుబాలలో మెదక్ ఒకటి. దానికి గుల్షనాబాద్ అనే పేరు కూడా ఉండేది. సుబా పేరుగా, జిల్లా పేరుగా, లోక్‌సభ స్థానం పేరుగా కొనసాగిన మెదక్, ఈ మార్పులన్నిటినీ కింది స్థాయి నుంచి చూడడానికి అనువైన స్థలం.

2. 1781 నాటి కూటమి: ఖజానా లేని ప్రభుత్వం

బ్రిటన్‌పై యుద్ధం సాగుతుండగానే అమెరికా కాంగ్రెస్ 1777 నవంబరులో కూటమి నిబంధనలను ఆమోదించింది. అన్ని రాష్ట్రాల అంగీకారం పొంది అవి అమలులోకి వచ్చింది 1781 మార్చి 1న. ఆ పత్రం ప్రకారం ప్రతి రాష్ట్రం తన సార్వభౌమాధికారాన్ని నిలుపుకొన్నది. చిన్నదైనా పెద్దదైనా కాంగ్రెస్‌లో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో ఓటు. ముఖ్య నిర్ణయాలకు తొమ్మిది రాష్ట్రాల సమ్మతి, నిబంధనల సవరణకు పదమూడింటి ఏకగ్రీవం అవసరం. ప్రత్యేక కార్యనిర్వాహక శాఖ గాని, శాశ్వత జాతీయ న్యాయవ్యవస్థ గాని లేవు.

అన్నిటికన్నా పెద్ద లోపం ఖజానాది. కాంగ్రెస్ యుద్ధం చేయవచ్చు, సంధి చేయవచ్చు, అప్పు తేవచ్చు. పన్ను మాత్రం వేయరాదు. ఖర్చులకు రాష్ట్రాలను అడగాలి, ఇస్తే తీసుకోవాలి. దిగుమతులపై ఐదు శాతం సుంకం వసూలుకు అనుమతి కోరితే 1782లో రోడ్ ఐలండ్ ఒక్కటే నిరాకరించి ఆ ప్రతిపాదనను ఆపగలిగింది. తరువాతి ప్రయత్నానికి న్యూయార్క్ అడ్డుపడింది. అప్పులతో, పన్నులతో నలిగిన మసాచుసెట్స్ రైతులు 1786లో డేనియల్ షేస్ వంటివారి నాయకత్వంలో తిరగబడినప్పుడు ఈ బలహీనత బయటపడింది. కాంగ్రెస్ చేయగలిగింది దాదాపు లేకపోయింది. బోస్టన్ సంపన్నులు ఇచ్చిన సొమ్ముతో రాష్ట్ర దళం ఆ తిరుగుబాటును అణచింది.

3. 1787: వ్యక్తిని నేరుగా చేరిన అధికారం

కూటమి నిబంధనల సవరణ కోసమని 1787 మేలో ఫిలడెల్ఫియాలో సమావేశమైన ప్రతినిధులు కొత్త రాజ్యాంగాన్నే రాశారు. హాజరైన 55 మందిలో 39 మంది సెప్టెంబరు 17న సంతకాలు చేశారు. అధ్యక్ష పదవి, రెండు సభల శాసన వ్యవస్థ, సుప్రీంకోర్టు వంటివి అందరికీ తెలిసినవే. వాటన్నిటికీ ఆధారమైన మార్పు ఇంకొకటి ఉంది. పాత కాంగ్రెస్ రాష్ట్రాలతో మాట్లాడేది. కొత్త ప్రభుత్వం మనిషితో మాట్లాడసాగింది. దాని పన్నును వ్యాపారి కడతాడు, దాని న్యాయస్థానంలో పౌరుడు వాదిస్తాడు, దాని ప్రతినిధిని ఓటరు ఎన్నుకుంటాడు. 1790లో రాష్ట్రాల యుద్ధ రుణాలను కేంద్రం తనపై వేసుకోవడంతో అప్పిచ్చినవారి చూపు కూడా కేంద్రం వైపు మళ్లింది.

రెండవ మార్పు ఆమోద విధానంలో ఉంది. కొత్త రాజ్యాంగం రాష్ట్ర శాసనసభలను దాటి, దీనికోసమే ఎన్నికైన ప్రత్యేక సభల ముందుకు వెళ్లింది. తొమ్మిదవ రాష్ట్రంగా న్యూహాంప్‌షైర్ 1788 జూన్ 21న ఆమోదించింది. వ్యతిరేకుల అభ్యంతరాల ఫలితంగా 1791లో హక్కుల సవరణలు చేరాయి. అయితే ఈ సమ్మతి పూర్తిగా స్వేచ్ఛాయుతమని అనుకోనక్కరలేదు. అసలు ఫిలడెల్ఫియాకే ప్రతినిధులను పంపని రోడ్ ఐలండ్, తనతో వర్తకాన్ని నిషేధించే బిల్లును సెనేట్ ఆమోదించిన తరువాత, 1790 మే 29న 34-32 ఓట్లతో అంగీకరించింది. ఆర్థిక ఒత్తిడి అక్కడా పనిచేసింది. స్త్రీలకు, బానిసలకు, మూలవాసులకు ఆ సమ్మతిలో చోటు లేకపోయింది. అయినా ఒక చర్చ జరిగింది, ఒక లెక్కింపు జరిగింది. ఓడినవారికి తమ వాదం నమోదైందన్న తృప్తి మిగిలింది.

4. భారతదేశంలో మూడు అంశాల కేంద్రం

భారతదేశంలోనూ వదులు సమాఖ్య ఊహ చాలాకాలం సాగింది. 1935 భారత ప్రభుత్వ చట్టం రాష్ట్రాలను, సంస్థానాలను కలిపే సమాఖ్యను ప్రతిపాదించింది. తగినన్ని సంస్థానాలు చేరక ఆ భాగం అమలుకు రాలేదు. 1946 మే 16 నాటి క్యాబినెట్ మిషన్ పథకం విదేశాంగం, రక్షణ, రవాణా-సమాచార సంబంధాలు అనే మూడు అంశాలకే కేంద్రాన్ని పరిమితం చేసింది. 1946 డిసెంబరులో జవాహర్‌లాల్ నెహ్రూ ప్రవేశపెట్టిన లక్ష్యాల తీర్మానం సైతం మిగులు అధికారాలను ఘటక రాష్ట్రాలకే వదిలింది.

1947 జూన్ 3న దేశ విభజన ప్రణాళిక వెలువడడంతో ఆ ఊహకు కాలం చెల్లింది. నెహ్రూ అధ్యక్షతన పనిచేసిన కేంద్రాధికారాల సంఘం జూలైలో తన రెండవ నివేదికలో, బలహీనమైన కేంద్రం దేశ ప్రయోజనాలకు హానికరమని తేల్చి, బలమైన కేంద్రం గల సమాఖ్యను సూచించింది. కానీ అదే వేసవిలో సంస్థానాధీశుల ముందుంచిన చేరిక పత్రాలు ఆ పాత మూడు అంశాలనే అడిగాయి. రాజ్యాంగ సభలో కేంద్రం బలపడుతుండగా సంస్థానాలకు మాత్రం తేలికైన బంధమే చూపారు. ఈ వైరుధ్యం మధ్యనే హైదరాబాద్ వ్యవహారం నడిచింది.

5. యథాతథ ఒప్పందం: అమలు చేసేవారు లేని పత్రం

1941 జనగణన నాటికి కోటి 63 లక్షల జనాభా, 82 వేల చదరపు మైళ్లకు పైబడిన వైశాల్యం గల హైదరాబాద్, సంస్థానాలలో జనాభా దృష్ట్యా అతి పెద్దది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏ దేశంలోనూ చేరబోనని 1947 జూన్‌లో ఫర్మానా జారీ చేశాడు. ఇండియన్ యూనియన్‌లో చేరాలంటూ స్వామి రామానంద తీర్థ నాయకత్వంలోని స్టేట్ కాంగ్రెస్ ఆగస్టు 7న ఉద్యమించింది. ఈ పరిస్థితిలో నవంబరు 29న కుదిరిందే ఏడాది గడువుగల యథాతథ ఒప్పందం.

రక్షణ, విదేశాంగం, రవాణా-సమాచార సంబంధాల వంటి ఉమ్మడి విషయాలలో 1947 ఆగస్టు 15కు ముందు బ్రిటిష్ ప్రభుత్వంతో ఉన్న ఏర్పాట్లే సాగుతాయని ఆ పత్రం చెప్పింది. బ్రిటిష్‌వారికి ఉండిన పరమాధికారం మాత్రం భారత ప్రభుత్వానికి దక్కలేదు. యుద్ధకాలంలో తప్ప సంస్థానంలో సైన్యాన్ని ఉంచే హక్కు లేదు. తగాదా వస్తే మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. 1781 కూటమి లక్షణమే ఇది: కర్తవ్యాలు రాసి ఉన్నాయి, వాటిని అమలు చేయించే యంత్రాంగం లేదు.

ఒప్పందం పగుళ్లిచ్చింది కూడా ఖజానా దగ్గరే. విలువైన లోహాల ఎగుమతిని నియంత్రిస్తూ ఒకటి, భారత కరెన్సీ చెలామణిని నిషేధిస్తూ ఒకటి హైదరాబాద్ ఆర్డినెన్సులు తెచ్చింది. పాకిస్తాన్‌కు భారత ప్రభుత్వ సెక్యూరిటీల రూపంలో 20 కోట్ల రూపాయల అప్పు ఇవ్వడం వివాదమైంది. భారతదేశం తమపై ఆర్థిక దిగ్బంధం అమలు చేస్తున్నదని మీర్ లాయక్ అలీ ప్రభుత్వం ఆరోపించింది. ఒక వైపు రజాకార్ల హింస, మరొక వైపు తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం సాగుతుండగా సంప్రదింపులు 1948 జూన్‌లో విఫలమయ్యాయి. సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య 17న నిజాం లొంగుబాటుతో ముగిసింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక గవర్నరయ్యాడు. ఆ రోజుల్లో మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లిం ప్రజలపై జరిగిన హింసను సుందర్‌లాల్ బృందం నమోదు చేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు.

6. లోపలి కూటమి రద్దు

బయటి బంధం ఎంత వదులుగా ఉండిందో, హైదరాబాద్ రాజ్యపు లోపలి అల్లిక కూడా అంతే వదులుగా ఉండింది. ప్రభుత్వ యంత్రాంగం నేరుగా పాలించే దివానీ భూములు, నిజాం సొంత ఖర్చుల కోసం కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్, పాయిగాలు, జాగీర్లు, సంస్థానాలు వేరువేరుగా ఉండేవి. రాష్ట్ర వైశాల్యంలో సుమారు మూడవ వంతు జాగీర్ల కింద ఉండింది. మెదక్ పట్టణానికి దగ్గరలోని పాపన్నపేట అలాంటి సంస్థాన కేంద్రమే. సాగు చేసే రైతుకు, ప్రభుత్వానికి మధ్య ఇంకొక పాలకుడు నిలబడి ఉండేవాడు.

1949 ఫిబ్రవరిలో సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో కలిసింది. అదే ఏడాది ఆగస్టులో జాగీర్ల రద్దు నిబంధన వచ్చింది. రైతుకు, రాష్ట్రానికి మధ్య అడ్డు తొలగిన తరువాతనే కేంద్రానికి, పౌరునికి మధ్య అడ్డు తొలగడం సాధ్యమైంది. అమెరికా ఉదాహరణలో కనిపించని ఈ దశను హైదరాబాద్ అధ్యయనంలో ప్రత్యేకంగా గుర్తించాలి. ఇక్కడ సమాఖ్య నిర్మాణం రెండంచెలుగా జరిగింది.

7. 1950 ఏప్రిల్ 1: ఆర్థిక ఏకీకరణ

రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ నిజాం 1949 నవంబరు 23న ఫర్మానా జారీ చేశాడు. 1950 జనవరి 26న హైదరాబాద్ బి-భాగపు రాష్ట్రమైంది, నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. ఎం.కె. వెల్లోడి ముఖ్యమంత్రిత్వం వహించాడు. అలాంటి రాష్ట్రాలపై పదేళ్లపాటు కేంద్రానికి సాధారణ పర్యవేక్షణ ఉంటుందని నాటి 371వ అధికరణం చెప్పింది. స్మారక దినాల్లో సెప్టెంబరు 17కు, జనవరి 26కు చోటుంది. సమాఖ్య నిర్మాణం దృష్టితో చూస్తే అంతే ప్రాధాన్యమున్న తేదీ 1950 ఏప్రిల్ 1.

వి.టి. కృష్ణమాచారి అధ్యక్షతన సంస్థానాల ఆర్థిక వ్యవహారాలను విచారించిన సంఘం సిఫారసుల మేరకు ఆ రోజు నుంచి ఆర్థిక ఏకీకరణ అమలైంది. నిజాం స్టేట్ రైల్వే కేంద్రం చేతికి వెళ్లి, 1951 నవంబరులో సెంట్రల్ రైల్వేలో భాగమైంది. హైదరాబాద్ తపాలా శాఖ భారత తపాలాలో కలిసింది. కరోడ్‌గిరి అని వ్యవహరించే సుంకాల శాఖ ఆదాయం రాష్ట్రానికి ముఖ్యమైన ఆధారం కనుక, దానిని ఒక్కసారిగా తీసివేయకుండా కొంత వ్యవధి ఇచ్చారు. 1950లోనే వచ్చిన అమ్మకపు పన్ను చట్టం ఆ లోటును పూడ్చే సాధనాల్లో ఒకటి. సరుకు సరిహద్దు దాటినప్పుడు వసూలయ్యే పన్ను పోయి, సరుకు అమ్ముడైనప్పుడు కట్టే పన్ను వచ్చిందన్నమాట. పొరుగు రాష్ట్రంతో వర్తకం విదేశీ వ్యాపారం లక్షణాన్ని కోల్పోయింది.

నాణెం మార్పు మరింత మెల్లగా సాగింది. 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ సిక్కా 100 భారత రూపాయలకు సమానం. అంటే ఏడు హాలీ రూపాయలకు ఆరు కంపెనీ రూపాయలు. ఈ రెండు నాణేలూ కొన్నేళ్లు పక్కపక్కన చెలామణి అయ్యాయి. ఫర్మానాతో సార్వభౌమాధికారం ఒక్క రోజులో చేతులు మారవచ్చు. సంతలో లెక్క మారడానికి సంవత్సరాలు పడుతుంది. 1941లో నెలకొల్పిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు 1956లో రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ కావడంతో ఈ దశ దాదాపు పూర్తయింది.

8. న్యాయస్థానం గీసిన గీత

కేంద్ర న్యాయాధికారం ఎప్పటి నుంచి మొదలైందన్న ప్రశ్న కొందరికి ప్రాణసంకటమైంది. తెలంగాణ పోరాట కాలపు కేసుల్లో ప్రత్యేక ట్రిబ్యునళ్లు మరణశిక్ష విధించిన ఖైదీల అప్పీళ్లను హైదరాబాద్ హైకోర్టు 1949 డిసెంబరులో తోసిపుచ్చింది. వారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాద్ రాష్ట్రం పేరుతో ప్రసిద్ధమైన ఈ వివాదంలో బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ ఖైదీల పక్షాన వాదించాడు. రాజ్యాంగం అమలుకు ముందే తీర్పు ఇచ్చినందున, అప్పటికి హైదరాబాద్ హైకోర్టు భారత భూభాగంలోని న్యాయస్థానం కాదని చెప్పి సుప్రీంకోర్టు అప్పీలు అనుమతి నిరాకరించింది. సైన్యం ప్రవేశించి పదిహేను నెలలైనా, న్యాయశాస్త్రం దృష్టిలో కొత్త సమాఖ్య ఆ ఖైదీల వరకు ఇంకా రాలేదు. కేంద్రాధికారం భూభాగాన్ని చేరడం, పౌరుణ్ణి చేరడం రెండూ వేరువేరు ఘటనలని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ అరుదు.

9. సమ్మతి ప్రశ్న: మెదక్ సాక్ష్యం

రాజ్యాంగ సభలో హైదరాబాద్ ప్రతినిధులు లేరు. 1950 నాటి తాత్కాలిక పార్లమెంటులో ఉన్నవారు నామినేటెడ్ సభ్యులు. ఇక్కడి ప్రజలు మౌనంగా ఉన్నారని దీనికి అర్థం కాదు. నాటి మెదక్ జిల్లాలోని జోగిపేటలోనే 1930 మార్చిలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. విద్య, భాష, పౌర హక్కుల గురించి సామూహికంగా మాట్లాడే అలవాటు అంతకుముందే ఏర్పడింది. ఆ గొంతుకు రాజ్యాంగ రచనలో స్థానం దొరకలేదు. అమెరికాలో ముందు చర్చ, తరువాత సమాఖ్య. హైదరాబాద్‌లో ముందు సమాఖ్య, తరువాత ఓటు.

1952 సార్వత్రిక ఎన్నికల్లో ఆ ఓటు వచ్చింది. 175 స్థానాల శాసనసభలో కాంగ్రెస్ 93 గెలిచి, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యాడు. మెదక్ లోక్‌సభ స్థానంలో మాత్రం సరోజినీ నాయుడు కుమారుడు డాక్టర్ ఎన్.ఎం. జయసూర్య పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున గెలిచాడు. సమాఖ్యను అంగీకరిస్తూనే పాలక పక్షాన్ని నిరాకరించే స్వేచ్ఛను ఓటరు తొలిసారిగా వినియోగించుకున్నాడు.

1955లో ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచాలనీ, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరువాత ఆ శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరుకుంటే ఆంధ్రతో కలపవచ్చనీ సూచించింది. ఆ లెక్కింపు జరగలేదు. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం హామీలతో, నవంబరు 1న హైదరాబాద్ మూడు ముక్కలై, తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లో భాగమైంది. ఏడవ రాజ్యాంగ సవరణ బి-భాగపు రాష్ట్రాలను, రాజప్రముఖ్ పదవిని తొలగించింది. అదే పునర్వ్యవస్థీకరణతో బీదరు జిల్లాలోని నారాయణఖేడ్, జహీరాబాద్ ప్రాంతాలు మెదక్ జిల్లాలో చేరాయి.

నెరవేరని హామీలు 1969లో ఉద్యమమయ్యాయి. తెలంగాణలో ఉద్యోగాలకు నివాస అర్హత విధించిన 1957 కేంద్ర చట్టం నిబంధనను ఆ ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. నివాస అర్హతను రాష్ట్రం మొత్తానికి విధించవచ్చు గాని, అందులో ఒక భాగానికి విధించడం చెల్లదన్నది తీర్పు సారాంశం. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి 14 స్థానాలలో 10 గెలిచింది. మెదక్ వాటిలో ఒకటి. తొమ్మిదేళ్ల తరువాత అదే మెదక్ నుంచి ఇందిరా గాంధీ గెలిచి, రాయబరేలీని వదులుకొని, ఈ స్థానాన్నే ఉంచుకొన్నది. ప్రాంతీయ నిరసన, కేంద్రాధికార శిఖరం ఒకే నియోజకవర్గం నుంచి ఒక దశాబ్దంలోపే ప్రాతినిధ్యం పొందాయి.

10. పోలికలో తేలిన భేదం

అమెరికా రాజ్యాంగం ప్రకారం ఒక రాష్ట్ర భూభాగం నుంచి కొత్త రాష్ట్రాన్ని ఏర్పరచాలంటే ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతి తప్పనిసరి. అంతర్యుద్ధం తరువాత 1869లో టెక్సస్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు కేంద్రమూ రాష్ట్రాలూ రెండూ అవినాశమని తేల్చింది. భారత రాజ్యాంగం మూడవ అధికరణం రాష్ట్ర శాసనసభను అభిప్రాయం మాత్రమే అడుగుతుంది, నిర్ణయం పార్లమెంటుది. ఇక్కడ సమాఖ్య అవినాశి, రాష్ట్రాల రూపం మారవచ్చు.

ఈ అధికారం తెలంగాణను రెండు విధాలుగా తాకింది. కమిషన్ సూచించిన శాసనసభ పరీక్ష లేకుండానే 1956లో తెలంగాణను ఆంధ్రతో కలిపింది. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరిస్తూ తీర్మానించినా, ఫిబ్రవరిలో పార్లమెంటు దానిని ఆమోదించి, జూన్ 2న తెలంగాణ రాష్ట్రాన్ని ఏర్పరచింది. అమెరికా నిబంధన ఇక్కడ ఉండి ఉంటే తెలంగాణ ఏర్పాటుకు ఆంధ్రప్రదేశ్ శాసనసభ అంగీకారం కావలసి వచ్చేది. కాబట్టి బలమైన కేంద్రాన్ని ప్రాంతీయ ఆకాంక్షకు సహజ శత్రువుగా గాని, సహజ మిత్రునిగా గాని చిత్రించడం సరికాదు. అది ఒక సాధనం. ఎవరి సమ్మతిని లెక్కిస్తారన్నదే దాని ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

11. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, మూడు అంశాల కేంద్రం ఫిలడెల్ఫియాకు ముందూ, హైదరాబాద్‌లోనూ ఒకే కారణంతో విఫలమైంది: దానికి సొంత ఖజానా గాని, తన మాట చెల్లించుకునే న్యాయస్థానం గాని లేవు. రెండు, విలీనాన్ని ఒక తేదీకి కుదించరాదు. సైన్యం, ఫర్మానా, పన్ను, నాణెం, న్యాయస్థానం, ఓటు వేరువేరు తేదీల్లో పౌరుణ్ణి చేరాయి. మూడు, ముందుగా తీసుకోని సమ్మతిని చరిత్ర తరువాత తప్పక అడుగుతుంది. అమెరికాలో దాటవేసిన బానిసత్వ ప్రశ్న 1861లో యుద్ధమై వచ్చింది. తెలంగాణలో దాటవేసిన శాసనసభ పరీక్ష 1969లో, ఆపై రాష్ట్ర సాధన ఉద్యమంగా వచ్చింది.

2016 అక్టోబరులో పాత మెదక్ జిల్లా మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట జిల్లాలుగా విడిపోయి, అప్పటివరకు సంగారెడ్డిలో ఉన్న జిల్లా కేంద్రం మెదక్ పట్టణానికి వచ్చింది. ఈ మార్పు రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయం. కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య వేసిన సమ్మతి ప్రశ్నను రాష్ట్రానికీ జిల్లాకూ, జిల్లాకూ గ్రామానికీ మధ్య వేయవలసిన పని పరిశోధకుల ముందు ఇంకా మిగిలే ఉంది.